ఏడో పోగు

యంత్రానికి కుంకుమ బొట్టు పెట్టి, నూకరత్నం జల్లెడ గది తలుపు తీసింది. బయట మందుల ఫ్యాక్టరీ పొద్దుటి షిఫ్టు ఆడవాళ్ళు వరుసకట్టారు. వారానికోసారి రక్తం జల్లెడ పట్టించుకోనిదే లోపలికి పనికి వెళ్ళనివ్వరు. ఈ తీరంలో కేన్సర్ గడ్డలు పుట్టడం మామూలైపోయాక వచ్చిన కట్టుబాటు అది.

యంత్రం వెతికేది మూగపోగుల్ని. కణంలో ఏ మాంసకృత్తునీ తయారు చెయ్యకుండా, పక్కనుండి పెత్తనం మాత్రం చేసే జన్యు పోగులవి. వాటిలో ఏడోది మరీ గడుసుది. మనిషి పుట్టకముందు ఒళ్ళు పెంచి, పుట్టాక నిద్రపోతుంది. మళ్ళీ లేచిందంటే ఎక్కడో గడ్డ మొలకెత్తినట్టేనని శిక్షణలో చెప్పారు. అప్పుడు యంత్రమే సూదిలో అణచుమందు నింపి, నూకరత్నం మీట నొక్కి దాన్ని రక్తంలోకి ఎక్కించేదాకా తలుపులు బిగించేస్తుంది.

నాలుగేళ్ళ కిందట నూకరత్నానికీ ఎక్కించింది. అప్పుడామెకు రెండో నెల. కడుపు పోయింది గాని ప్రాణం దక్కిందని అందరూ అన్నారు. ఆ కృతజ్ఞతతోనే రోజూ ఈ బొట్టు.

మంగవేణి వచ్చి వేలు పెట్టింది. పెళ్ళై ఏడాది నిండని పిల్ల. తెర మీద ఎర్రగీత లేచింది. తలుపులు బిగుసుకున్నాయి.

"ఏడో పోగమ్మా. బయపడకు, మొదట్లోనే దొరికింది. సెయ్యిలా పెట్టు" అంది నూకరత్నం, అలవాటైన మాటలే.

మంగవేణి కొంగు పొట్టకి అడ్డం పెట్టుకుంది.

"అప్పా, ఎవులికీ సెప్పకు. నాకు రెండో నెల. మూడు నెల్లు నిండీదాకా బయటపెడితే దిష్టి తగులుద్దని మా అత్త ఒట్టేయించింది. ఈ మందుకి పిల్లకి ఏటీ అవదు కదా?"

నూకరత్నం వేలు మీట దగ్గరే ఆగిపోయింది. పుట్టకముందు ఒళ్ళు పెంచే పోగు. కడుపుతో ఉన్న తల్లి రక్తంలో అది కాక ఇంకేం లేస్తుంది? గర్భవతినని ఫ్యాక్టరీ పుస్తకంలో ముందే రాయించుకున్న వాళ్ళని యంత్రం వదిలేస్తుంది, నిజమే. మూడో నెల నిండకుండా ఇక్కడ ఏ ఆడది రాయించుకుంటుంది? తనూ రాయించుకోలేదు.

తనకు గడ్డ లేదు. ఎప్పుడూ లేదు.

 తను మీట నొక్కిన కొత్త కోడళ్ళ మొహాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వాళ్ళలో కొందరు వెళ్తూ వెళ్తూ దండం కూడా పెట్టారు.

"రద్దు చెయ్యి" అంది యంత్రంతో.

"రద్దుకు వీలు లేదు. మోతాదు ఎక్కించండి."

"ఏటైందప్పా?"

"నీకేటీ నేదు. అటు కూకో."

ఆ పోగు నిద్రలేవని ఒంట్లోకి వెళ్తే ఆ మందు కాలేయం మీద పడుతుందని ఆమెకు తెలుసు. అయినా రవిక చెయ్యి పైకి మడిచి, తన చేతినే సూది కింద పెట్టి మీట నొక్కింది. యంత్రానికి వెచ్చటి రక్తం దొరికింది, ఎవరిదని అడగలేదు. మంట భుజం దాకా పాకింది.

"మోతాదు పూర్తి." తలుపులు తెరుచుకున్నాయి.

"దిష్టి నాకొగ్గీ. ఇయ్యాలే ఎల్లి రాయించుకో" అని మంగవేణిని పంపేసి, నూకరత్నం గుమ్మంలో నిలబడింది.

"మూడో నెల నిండనోలు తప్పుకోండి. ఇది గడ్డనీ బిడ్డనీ ఒక్కనాగే సూత్తాది."

ఇద్దరు కొత్త కోడళ్ళు తలవంచుకుని పక్కకి జరిగారు. వెనకనుంచి ఎర్రయ్యమ్మ ముందుకొచ్చింది.

"రత్నం, పోయినేడు మా కోడలికి ఎక్కించావు. మరదీ?"

అబద్ధం చెప్పడానికి నూకరత్నానికి నోరు రాలేదు.

"బిడ్డే అయ్యుంటాదొదినా. నాదీ బిడ్డే."

వరుస చెదిరిపోయింది. ఆ రోజు ఇంకెవరూ వేలు పెట్టలేదు. వాళ్ళలో నిజంగా గడ్డ మొలిచినవాళ్ళూ ఉండే ఉంటారు.