ఒక చెవి హెడ్‌ఫోన్‌లో, ఒక చెవి హాల్లో

"ఏమండీ డీజే గారూ! మా పిల్లల మీద మీకేమన్నా కోపమా?"

ఆ పిల్లలకి స్కేటింగ్ నేర్పే ఆమె అతనితో అన్న మొదటి మాట అదే. అది కూడా మళ్ళీ మళ్ళీ అరిస్తేగానీ అతనికి వినిపించలేదు. రెండు చెవులకీ హెడ్‌ఫోన్ బిగించుకుని, కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు. ఆమె చక్రాల బూట్లతోనే సర్రున వచ్చి, పాటలు కలిపే మిక్సర్ పెట్టిన బల్లని పట్టుకుని ఆగింది.

"కోపమెందుకండీ?" హెడ్‌ఫోన్ మెడలోకి లాక్కుంటూ అడిగాడు.

"అటు చూడండి."

చూశాడు. స్కేటింగ్ హాలు నడిమధ్య పిల్లలు ఒకరి మీద ఒకరు కుప్పగా పడున్నారు. కొందరు ఏడుపు మొదలుపెట్టారు, కొందరికి నవ్వాగడం లేదు. రేకుల కప్పు మీద వాన దంచుతోంది. స్పీకర్లలో రెండు పాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటూ కొట్లాడుకుంటున్నాయి.

"వాళ్ళు బీట్‌కి ఒక అడుగు వేస్తారండీ. మీరు పాట మార్చినప్పుడల్లా ఏ బీట్‌కి వెయ్యాలో తెలీక పడిపోతున్నారు. మార్చడం రాకపోతే ఒకటే పాట పెట్టి కూర్చోండి. మేం ఏమీ అనుకోం."

"రాక కాదండీ, వాన..."

"వాన మాకూ పడుతోంది!"

గిర్రున తిరిగి వెళ్ళిపోయింది. అంత కోపంలోనూ అంత నాజూగ్గా తిరగడం ఎలా వచ్చిందా అని అతను నోరు తెరుచుకు చూశాడు. ఈలోపు ఉన్న పాట కూడా అయిపోయింది.

హాలు యజమానిని అక్కడ అందరూ మావయ్యా అనే పిలిచేవారు. ఆమెకి మాత్రం ఆయన సొంత మేనమామ. అందుకే ఆ సాయంత్రం అతను భయంభయంగా, "మావయ్యా, కోచ్ గారు నన్ను పనిలోంచి తీసేయమన్నారా?" అని అడిగాడు.

"తీసేయమనలేదు గానీ, నీ చెవులు డాక్టరుకి చూపించమంది," అన్నాడాయన తాపీగా.

మర్నాడు క్లాసు అయ్యాక ఆమే వచ్చింది. మెత్తబడ్డట్టు కనపడకుండా ఉండటానికి చాలా కష్టపడుతోంది.

"ఈ బటనేంటి?"

"క్యూ బటనండీ. నొక్కితే తర్వాత రాబోయే పాట నా చెవికి మాత్రమే వినిపిస్తుంది. హాల్లో ఎవరికీ తెలీదు."

"జరగబోయేది మీకు ముందే తెలుస్తుందన్నమాట. జ్యోతిష్యం!"

"జ్యోతిష్యం కాదండీ, వంట. వడ్డించేముందు చెంచాతో రుచి చూసుకోవడం."

"మరి నిన్న ఉప్పెక్కువైందేం?"

అతను నవ్వేశాడు. "ఒక చెవి హెడ్‌ఫోన్‌లో ఉండాలి, ఒక చెవి హాల్లో ఉండాలి. ఇక్కడ నడుస్తున్న పాట వేగం, రాబోయే పాట వేగం రెండూ పక్కపక్కన వినాలి. రాబోయేది వెనకబడితే ఈ స్లైడర్‌తో కాస్త ముందుకి తోస్తాం. రెండింటి అడుగూ కలిశాక ఈ ఫేడర్‌ని మెల్లగా ఇటు జరిపితే, ఏ పాట ఎప్పుడు మారిందో ఎవరికీ తెలీకూడదు. నిన్న వాన చప్పుడుకి రెండు చెవులూ మూసేసుకున్నాను. హాల్లో ఏమవుతోందో వినపడలేదు."

"నాకు నేర్పుతారా?"

అలా మొదలైంది. ఉన్నది ఒక్కటే హెడ్‌ఫోన్. దాని రెండు గిన్నెల్నీ అటూ ఇటూ తిప్పి, ఒకటి ఆమె చెవికి, ఒకటి అతని చెవికి ఆనించుకునేవారు. వైరు పొట్టిది కాబట్టి దగ్గరగా నిలబడక తప్పేది కాదు. పొడుగు వైరు కొనిస్తానని మావయ్య రెండుమూడు సార్లు అన్నాడు. ఇద్దరూ ఒక్క గొంతుతో వద్దన్నారు.

"ఇప్పుడు కలిసిందా?" అనేవాడు.

"ఇంకా లేదు. నీది పరిగెడుతోంది."

"పాటా?"

"పాటే. ఇంకేం అనుకున్నావ్?"

మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరికీ తెలీలేదు.

ఇప్పుడు ఆ హాలున్న చోట పరుపుల షోరూం వచ్చింది. అయినా అటుగా వెళ్ళినప్పుడల్లా అతనికి ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. చక్రాల కింద చెక్క నేల చేసే చప్పుడు, వెంటిలేటర్‌లోంచి ఏటవాలుగా పడే ఎండ, బీట్ సరిగ్గా కలిసిన క్షణాన తన మోచేతిని గిల్లే ఆమె వేళ్ళు.

ఒక శనివారం హాలంతా పుట్టినరోజు పార్టీతో కిటకిటలాడుతోంది. నెమ్మదైన పాటలోంచి గెంతులేసే పాటకి వెళ్ళాలి. పిల్లల కేకలకి ఏమీ వినపడక అతను రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆమె వచ్చి బల్ల పక్కన నిలబడింది. ఏదో అంది. తలొంచుకుని ఇంకా ఏదో అంది. చివరికి అతని కళ్ళలోకి చూస్తూ ఒక ప్రశ్నలాంటిది అడిగింది.

పాట బాగుందా అని అడుగుతోందనుకుని, అతను నవ్వుతూ బొటనవేలు పైకెత్తాడు.

ఆమె ముఖం చిన్నబోయింది. అప్పటికతను ఫేడర్ వైపు తిరిగిపోయాడు.

ఆ మర్నాడు ఆమె రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఫోన్ చేస్తే కట్ అయ్యేది. పిల్లలకి కొత్త కోచ్ వచ్చాడు. శుక్రవారం నాడు మావయ్యని పట్టుకుని నిలదీశాడు.

"నన్నడుగుతావేంరా? దానికి సంబంధం వచ్చింది. ఇష్టం లేదు, ఒప్పుకోమంటావా అని నిన్నడిగితే, భేషుగ్గా ఉందని వేలెత్తి చూపించావట!"

"నాకు వినపడలేదు మావయ్యా!"

"వినపడకుండానే వేలెత్తడమేంట్రా? ఆదివారం సాయంత్రం పెళ్ళివాళ్ళు చూడ్డానికొస్తున్నారు."

శనివారం వాళ్ళ వీధి చివరిదాకా వెళ్ళాడు. ఇంటి ముందు ఆమె నాన్న స్కూటర్ తుడుచుకుంటున్నాడు. సిటీ బస్సు నడిపి నడిపి చేతులు గట్టిపడిన మనిషి. ఆ చేతుల్ని చూసి అతను వెనక్కి తిరిగాడు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండుగా ఉంది. ఒక చెవికి హెడ్‌ఫోన్ ఆనించి తర్వాతి పాట సరిచూసుకుంటున్నాడు. తలెత్తితే తలుపు దగ్గర ఆమె. లాకర్‌లో ఉన్న తన స్కేట్స్ తీసుకుని వెళ్ళిపోతోంది.

నడుస్తున్న పాట ముగింపుకొచ్చేసింది. ఫేడర్ జరపాల్సిన సమయం. అతను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టేశాడు.

పాట అయిపోయింది. ఇంకో పాట రాలేదు. చక్రాలు ఒక్కొక్కటే ఆగాయి. హాలంతా అతని వైపు తిరిగింది. ఆమె కూడా ఆగింది.

"ఆ రోజు నువ్వేం అడిగావో నాకు వినపడలేదు," అన్నాడు గట్టిగా. "పాట గురించి అనుకున్నాను. బాగుందన్నది పాట. సంబంధం బాలేదు. అస్సలు బాలేదు. నేనుండగా ఇంకో సంబంధమేంటి?"

పిల్లల్లో ఎవరో ఈల వేశారు. ఆమె చేతిలోని స్కేట్స్ కింద పెట్టింది. తర్వాత నేరుగా బల్ల దగ్గరికి నడిచొచ్చింది.

"వారం రోజులు ఏడిపించావు."

"నువ్వైనా ఇంకోసారి అడగొచ్చుగా."

"అడిగినప్పుడు వినాలి గదా!" కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "జరుగు. అందరూ ఎదురుచూస్తున్నారు, ముందు పాట వెయ్యనీ."

"మరి నా సంగతి?"

"ఒప్పుకోకపోతే ఇక్కడిదాకా వస్తానా? జరుగు!"

అప్పుడు చూశాడు, ఆమె వెనకే తలుపులో హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ వాళ్ళ నాన్నని. అంతా విన్నాడని ముఖమే చెబుతోంది. పక్కన మావయ్య గోడ వైపు చూస్తూ నవ్వాపుకుంటున్నాడు.

వాళ్ళ నాన్న బల్ల దగ్గరికొచ్చాడు. అతన్ని ఎగాదిగా చూశాడు.

"మైకు లేకుండానే బాగా వినపడింది అబ్బాయీ."

"సార్..."

"సాయంత్రం వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలో అది నేను చూసుకుంటాను. ఇంట్లో దీని ముఖం చూడలేక ఛస్తున్నాను వారం నుంచి." హెల్మెట్ బల్ల మీద పెట్టాడు. "దీన్నెంతసేపూ దింపడం, తీసుకెళ్ళడమే గానీ, నేనెప్పుడూ ఈ బూట్లేసుకోలేదు. నా సైజువి ఉంటాయా?"

"ఉంటాయి సార్. కానీ నాకూ రాదు."

"ఇద్దరం కలిసి పడదాంలే. పద."

ఆమె హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, చాలా నెమ్మదైన పాట ఒకటి వెతికి వేసింది. కాబోయే మామా అల్లుడూ ఒక చేత్తో గోడ వెంట ఉన్న కడ్డీని, ఇంకో చేత్తో ఒకరినొకరు పట్టుకుని, అంగుళం అంగుళం జరుగుతూ బయల్దేరారు. పిల్లలు దారిచ్చి, వాళ్ళ వెనకే బారులు తీరారు. మూల మలుపు దగ్గర ఆయన ఆగి అతని చెవిలో ఏదో అన్నాడు, అతను తలూపాడు. ఆమె పాట సౌండు తగ్గించి మరీ విందామని చూసింది. వినపడలేదు. పెళ్ళయ్యాక ఎన్నిసార్లడిగినా ఆ ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు.