అరువిచ్చిన గొంతు

"కొట్టకండి... మీ కాళ్ళు పట్టుకుంటాను..."

ఎనిమిదేళ్ళ పిల్ల నోట, తరగతి నడిమధ్యలో, ఈ మాట! అదీ ముప్పయ్యేళ్ళ ఆడదాని ఏడుపు గొంతుతో! జూబ్లీహిల్స్ బడిలో టీచర్లు హడలిపోయారంటే హడలిపోరూ మరి? ఆ ఇంట్లో ఎవరో ఎవరినో కొడుతున్నారనుకుని, తల్లినీ నాయనమ్మనూ పిలిపించి కూర్చోబెట్టారు.

తల్లి మనోజకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట తనదే! ఫిల్మ్‌నగర్‌లో ఓ డబ్బింగ్ థియేటర్‌లో సీరియల్ కోడళ్ళకు గొంతు అరువిస్తుంది ఆమె. యూసుఫ్‌గూడ ఇంట్లో కూర తరుగుతూ డైలాగులు వల్లె వేసుకుంటుంది. ఆటిజం ఉన్న కూతురు భావనకు సొంత మాటలు తక్కువ. విన్న మాటనైతే రాగంతో సహా అప్పజెబుతుంది. ఆ సంగతే చెప్పి, మా ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టరని మనోజ మొత్తుకుంటుంటే, పక్కనున్న అత్తగారు శేషారత్నం అవమానంతో తల వంచుకుంది.

క్లాస్ టీచర్ వందన మంచిదే పాపం. "మేం అందర్నీ కలుపుకొనే నడుస్తున్నం మేడమ్. గని మిగతా పిల్లల అమ్మానాన్నలు భయపడుతున్నరు. ఈ మాట జర మాన్పించుండ్రి. లేకుంటే వచ్చే ఏడు సీటు కష్టమైతది."

ఇంతకు ముందటి బడిలో చేర్చుకున్నట్టే చేర్చుకుని వరండాలో కూర్చోబెట్టారు. ఇక్కడికొచ్చాకే భావన పక్కపిల్లతో కలిసి టిఫిన్ తినడం మొదలెట్టింది. ఇదీ పోతే... ఇంకో గుమ్మం ఎక్కే ఓపిక మనోజకు లేదు.

అంతలో పీరియడ్ గంట మోగింది. తల్లి పక్కనే కూర్చున్న భావన రెండు చెవులూ మూసుకుని కుర్చీలో ముడుచుకుపోయింది. "కొట్టకండి... మీ కాళ్ళు పట్టుకుంటాను..." గంట ఆగింది, మాటా ఆగింది.

మనోజ గుండె చెరువైంది. పిల్ల అప్పజెప్పడం లేదు, అడుగుతోంది! ఆ చప్పుడు దెబ్బలా తగులుతుంటే, ఆపమనడానికి దానికి తెలిసిన మాట అదొక్కటే! కొన్నాళ్ళు గడువిమ్మని టీచరును బతిమాలుకుని బయటపడింది.

ఆటోలో అత్తగారు దులిపేసింది. ఈ ఏడుపు డైలాగులు ఇంట్లో వద్దని ఎన్నిసార్లు చెప్పాను, ఊరంతా మమ్మల్ని రాక్షసులనుకోవాలా అని. మనోజ పిల్లను దగ్గరకు పొదువుకుంది. అవుట్‌డోర్ షూటింగ్‌లో ఉన్న భర్తకు ఫోన్ కూడా చెయ్యలేదు.

ఆ రోజు నుంచి కొత్త డైలాగు పట్టుకుంది. "నాకు చప్పుడు పడదు. కాసేపు బయట కూర్చుంటాను." అన్నం కలుపుతూ అదే, జడ వేస్తూ అదే. థియేటర్‌లో కూడా ఇన్ని టేకులు ఎవరూ అడగలేదు! సణుగుతూనే చూసి చూసి, చివరికి శేషారత్నమే గరిటె తెచ్చి, పిల్ల బెదరకుండా కంచం మీద మెల్లగా గంట కొట్టడం మొదలుపెట్టింది. ఆవిడ కొట్టడం, ఈవిడ చెప్పడం, పిల్ల పాత పాటే పాడటం...

ఆదివారం మధ్యాహ్నం కంచం మోగింది. భావన చెవులు మూసుకుంది. బరువుగా ఓ నిట్టూర్పు విడిచి, "నాకు చప్పుడు పడదు... కాసేపు బయట కూర్చుంటాను" అంది.

మనోజ ఏడుస్తూనే నవ్వేసింది. శేషారత్నం మాత్రం గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ నిట్టూర్పు డైలాగులో లేదు! చెప్పిన ప్రతిసారీ మాటకు ముందు, తనకే తెలియకుండా, కోడలు విడిచిన నిట్టూర్పు అది. పిల్ల దాన్నీ పొల్లుపోకుండా నేర్చుకుంది. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి తను వినని దాన్ని మనవరాలి నోట వినేసరికి ఆవిడ కళ్ళు చెమర్చాయి.

"అది నీ నిట్టూర్పేనే తల్లీ," అంది శేషారత్నం. "నేనే వినిపించుకోలేదు. ఇహ దానికి నేను చెప్తాలే... నువ్వు కాసేపు నడుం వాల్చు."

మనోజ చాప మీద ఒరిగింది. వంటింట్లోంచి అత్తగారి బొంగురు గొంతు, దాని వెనకే అచ్చం అలాగే భావన బొంగురు గొంతు వినిపిస్తున్నాయి. ఈసారి బడిలో డెబ్బయ్యేళ్ళ ముసలమ్మ మాట్లాడుతోందని హడలిపోతారు కాబోలు!

హడలనీ, అనుకుని కళ్ళు మూసుకుంది.