నవ్వుతుందా మీ పాప?

ఆ ఉదయం కూడా కోడలు వంటింటి తలుపు గడియ వేసుకుని పొయ్యి వెలిగించింది. గుమ్మం బయట నిలబడటం అత్తగారికి అలవాటైపోయింది.

"కాఫీ తాగుతారా అని అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?" అంది పెద్దావిడ.

"కావాలంటే మీరే అడగొచ్చుగా" అంది కోడలు తలుపు వెనకనుంచి.

కిందటి ఏడాది స్నానానికి కాచిన నీళ్లు దించి, తువ్వాలు కోసం అత్తగారు అటు తిరిగింది. ఆ రెప్పపాటులో చిన్న మనవరాలు గిన్నె మీదికి లాగేసుకుంది. చెయ్యి, మెడ కాలాయి. పుండ్లు మానాయిగానీ కోడలి కోపం మానలేదు. కన్నతల్లికి కోపం రాక ఇంకెవరికొస్తుంది? కానీ ఆమె ఆ కోపాన్ని పాలు పోసి పెంచింది. వేరే ఇంటికి పోదామని రోజూ పోరు పెడితే, బస్సు నడిపే మొగుడు చివరికి ఒక మాటన్నాడు.

"పాప కోలుకోవట్లేదని ఆసుపత్రివాళ్లు చెబితే అప్పుడే పోదాం."

అందుకే ఆ రోజు ఆమె మొగుణ్ణి, పాపను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పట్టుదలగా బయల్దేరింది. చిన్నపిల్లలు తమ బతుకెలా ఉందో చెప్పలేరు. కాబట్టి అక్కడ అమ్మను ఒక గదిలో, నాన్నను ఒక గదిలో కూర్చోబెట్టి అడుగుతారు. నిద్రపోతుందా? ఆడుకుంటుందా? నవ్వుతుందా?

"నవ్వా? ఎప్పుడో మర్చిపోయిందండీ" అంది తల్లి. కాస్త కలిపి చెప్పినా, చాలావరకు అది నిజమనే నమ్మింది.

తర్వాత డాక్టరమ్మ ఇద్దర్నీ ఒకచోటికి పిలిచింది.

"మీకు ఇద్దరు పిల్లలా?"

"ఒక్కతేనండీ."

"మరి ఆయన చెప్పిన పాప వీధిలో సైకిల్ తొక్కుతుంది. చేతి మీద మచ్చలు పులిచారలని పక్కింటి పిల్లలకు చూపించి గర్వపడుతుంది. మీరు చెప్పిన పాప నోరే విప్పదు."

తల్లి మొగుడివైపు తిరిగింది. "ఎప్పుడు తొక్కింది సైకిల్?"

"పాపను నాకు అప్పగించి నువ్వు పనికెళ్లాక. అమ్మ తీసుకెళ్తుంది" అన్నాడతను నేల చూస్తూ.

"కాల్చిన చేతికే మళ్లీ అప్పగించారా?"

"నీకు చెబితే పంపేదానివా?"

ఆమె పాపను లాక్కుని ఇంటిదారి పట్టింది. ఇంట్లో అడుగు పెట్టగానే అత్తగారి మీద విరుచుకుపడింది.

"నా బిడ్డను వీధిలో తమాషా చేస్తున్నారా? మీకు సిగ్గుందా?"

పాప కాలిన సంగతి మీద ఏడాదిగా నోరెత్తని మనిషి ఆ రోజు ఎత్తింది.

"తిట్టు, పడతాను. గిన్నె దించింది నేనే. ఆ పాపం చచ్చేదాకా నాదే. కానీ పిల్లను గదిలో కూర్చోబెట్టి నువ్వు ఏడిస్తే ఆ మచ్చలు పోతాయా?"

కోడలు మంచం అంచున కూర్చున్న పాప దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూలబడింది.

"నాన్నమ్మ దగ్గర నవ్వుతావట. నా దగ్గరెందుకు నవ్వవే?"

పాప చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. "నన్ను చూస్తే నువ్వు ఏడుస్తావుగా. నాన్నమ్మ ఏడవదు."

అత్తగారు గబుక్కున గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. కోడలు అది చూసింది. ఏడాదిపాటు తను పిల్లను కాపాడుతున్నాననుకుంది. నిజానికి ఆ పసిదే తల్లిని ఏడిపించకూడదని మచ్చలతోపాటు నవ్వునూ దాచుకుంది. ఇప్పుడు ఏడ్చే హక్కు కూడా తనకు లేదు.

"చెయ్యి చూపించమ్మా. ఏడవను."

పాప తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. నమ్మకం కలగలేదు కాబోలు.

"రేపు చూపిస్తా" అంది.

తల్లి పెదవి కొరుక్కుని లేచింది. "అత్తయ్యా, రేపు సైకిల్ దగ్గరికి నేనూ రానా?"

పెద్దావిడ ముఖం తుడుచుకుని ఇటు తిరిగింది.

"రా. కానీ దాని ముందు మాత్రం ఏడవకు. కావాలంటే తర్వాత ఇద్దరం కలిసి ఏడుద్దాం."