కాలరు కింద నొప్పి

దర్జీ కూతురికి గొంతునొప్పి తగ్గి మెడనొప్పి మొదలైందట, అది తగ్గేసరికి నడుంనొప్పి వస్తుందట, బడిచొక్కాల ఆర్డరు పూర్తయ్యేదాకా ఆ నొప్పి ఒళ్ళంతా షికార్లు చేస్తూనే ఉంటుందట. ఎదురింటావిడ గుండీల కొట్టులో అన్న మాటలివి. పొద్దున్నే గుండీలకు వెళ్ళిన తల్లికి కొట్టావిడ ఒక్క ముక్క తగ్గకుండా అప్పజెప్పింది.

ఇంటికొచ్చి మొగుడి చెవిన వేస్తే దర్జీ నవ్వేశాడు.

"ఊరి నోటికి గుండీలు కుట్టగలమా? ఏమే బొంగరం, విన్నావా? నీ నొప్పికి కాళ్ళొచ్చాయట!"

ఇరవయ్యేళ్ళ ఆ పిల్ల ఒక్కచోట నిలవదని తండ్రి చిన్నప్పుడే పెట్టిన పేరది. కాలరు మొన తిప్పడంలో మాత్రం తండ్రి కూడా ఆమె తర్వాతే. పది రోజుల కిందట గొంతునొప్పి, జ్వరం వస్తే డాక్టరు వారానికి సరిపడా మాత్రలిచ్చాడు. మూడోరోజుకే మింగుడు పడిందని ఆమె మిగిలినవి ఎక్కడో పడేసింది. ఆ తర్వాత కుడి దవడ కింద నుంచి మెడ పొడుగునా సలుపు పట్టుకుంది.

ఆ ఇంట్లో మెడనొప్పి జబ్బు కాదు, వారసత్వం. తాతకుంది, తండ్రికుంది. మిషను మీద తల వంచిన ప్రతివాళ్ళకీ కుడివైపే పట్టేస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

"నాన్నా, ఇది మన నొప్పిలా లేదు. లోపల తాడు బిగిసినట్టుంది."

"మొదట్లో నాకూ అంతేనే. ఆ కాలరు అవగొట్టి పడుకో."

తల్లి రోజూలాగే నొప్పిమందు తెచ్చి దవడ నుంచి భుజందాకా మర్దనా చేసింది. "అబ్బా, మెల్లగా అమ్మా" అంటే, "నొక్కితేనే విడుస్తుంది" అంది.

కాసేపటికి దర్జీ ఒక కాలరు ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "ఇదేమిటే, కుట్టా, పాము నడకా?"

"చలేస్తోంది నాన్నా. చెయ్యి నిలవట్లేదు."

బయట ఎండ మండిపోతోంది. ఆయన కుట్టు విప్పి, కాలరు మళ్ళీ ఆమె ముందే పెట్టాడు. మధ్యాహ్నానికి ఊపిరి తీస్తే పక్కలో పొడుస్తోందంటూ ఆ పిల్ల మిషను మీదే తల వాల్చేసింది. పెదాలు నీలం తిరిగాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గొంతు చూసింది. చూసి ఊరుకోలేదు, రెండు వేళ్ళతో దవడ కింద నుంచి మెడ పొడుగునా తడుముతూ వచ్చింది. పిల్ల కెవ్వుమంది. రక్తం తీసి పరీక్షకు పంపి, మెడకూ ఛాతీకీ స్కానులు తీయించాక తల్లినీ తండ్రినీ పిలిచింది.

"గొంతులో చేరిన క్రిములు పక్కనే ఉన్న మెడ రక్తనాళంలోకి పాకాయి. అక్కడ రక్తం గడ్డకట్టింది. ఆ గడ్డ ముక్కలు ఊపిరితిత్తుల్లో పడ్డాయి. అరుదుగా వస్తుంది, వస్తే ప్రాణం మీదికి తెస్తుంది. గొంతునొప్పి వెనకాలే ఒకవైపు మెడనొప్పి, వణుకు వస్తే ఒక్కపూట కూడా ఆగకూడదు. ఇప్పుడిక వారాల తరబడి మందు ఎక్కించాలి. మెడ ఎవరూ పట్టి చూడలేదా?"

"నేను పట్టానమ్మా. రెండు పూటలా గట్టిగా మర్దనా చేశాను. నా వల్లేనా?"

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగింది. "ఆ గడ్డ దానంతటదే విరుగుతుంది కూడానమ్మా. మీ వల్లేనని చెప్పలేను." కాదని కూడా ఆమె అనలేదు.

వరండాలోకి రాగానే దర్జీ విరుచుకుపడ్డాడు. "ఎవరు రుద్దమన్నారే నిన్ను? అది పిల్ల మెడనుకున్నావా, ఉతికే గుడ్డనుకున్నావా?"

"రుద్దానండీ, నా చేతులు పడిపోను! మరి మీరో? వణుకుతున్న పిల్ల చేత విప్పి కుట్టించారు. మూడొందల చొక్కాలకు మెడలు కావాలి మీకు, మన పిల్లకు అక్కర్లేదు!"

దర్జీ మెడలోని కొలతల టేపు తీసి చుట్టాడు. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టాడు.

"మిగిలిన మాత్రలు దారాల డబ్బాలో ఉన్నాయే. పొద్దున తెల్లదారం తీస్తుంటే చేతికి తగిలాయి. పక్కకు జరిపి దారం తీసుకున్నాను" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

తిట్టడానికి తెరిచిన నోరు తల్లి మూసేసుకుంది. పోయి ఆయన పక్కన కూలబడింది.

ఆస్పత్రిలో చేరిన పన్నెండోరోజున పిల్ల నోట్లోంచి ఊపిరి గొట్టం తీశారు. బతికింది. కానీ పక్కలో చీము తీసే ఇంకో గొట్టం, మంచం దిగితే ఆయాసం. దర్జీ చెంచాతో నీళ్ళు పోస్తూ అడిగాడు.

"అంత నొప్పిగా ఉంటే చెప్పొచ్చు కదే, తల్లీ?"

ఆ పిల్ల ఆయన ముఖం చూసింది, తర్వాత తల్లి చేతులు చూసింది. గొంతు జీరపోయి ఉంది.

"చెప్పాను నాన్నా. మీ ఇద్దరికీ చెప్పాను."