ఏరేసిన బుడ్డలు

ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో పొద్దున్నే బుడ్డలు వేగే వాసన వచ్చిందంటే ఆదివారమని లెక్క. వేరుశనగను అక్కడ బుడ్డలనే అంటారు. సొంత చేలో పండినవే. ఇంద్రజ వాటిని సన్నని సెగ మీద వేయించి, పొట్టు చెరిగేసి, నూనె తేలేదాకా మిక్సీలో తిప్పి కూతురు వినీతకు వారానికి సరిపడా వెన్న చేస్తుంది. దోసెకు ఆ వెన్న రాస్తే తప్ప ఆ బక్కపిల్ల ముద్ద ముట్టదు.

ఏరే పని మాత్రం అత్త శివమ్మది. చేట ముందేసుకుని బూజు పట్టినవి, నల్లబడినవి ఏరి కొంగులో పోసుకునేది.

"అవి పారెయ్ అత్తా" అంటే, "పారేస్తాలే. నువ్వు పోయి పాపకు తల దువ్వు, మిక్సీ నేను కడుగుతా" అని కోడల్ని తరిమేది. ఇంత మంచి అత్త ఎవరికి దొరుకుతుందని ఇంద్రజ మురిసిపోయేది. మురిసిపోయిందే గానీ, ఆ కొంగులోవి ఎటు పోతున్నాయో ఏనాడూ చూడలేదు.

ఈ ఆదివారం చేట ముందు శివమ్మ లేదు. కళ్లు పచ్చబడి, కాళ్లు వాచి, నంద్యాల ఆసుపత్రిలో పడి ఉంది. కాలేయం చాలావరకు పాడైందన్న డాక్టరు, ఈమె ఏం తింటుందని అడిగాడు. ఆ ఒక్క మాట పట్టుకుని కొడుకు నరేంద్ర ఇంటికొచ్చి పెళ్లాం మీద పడ్డాడు.

"నువ్వు ఆ వెన్న మొదలుపెట్టినాకే మాయమ్మ ఇట్లయింది. ఏం కలుపుతాండావ్ దాంట్లో?"

"అదే వెన్న పాప తింటాంది. నువ్వూ తింటాండావ్."

"మరి ఆమెకొక్కదానికే ఎందుకైంది? నువ్వు ఆసుపత్రికాడికి రావద్దు. మాయమ్మకు ఇంగ నీ చేతి కూడు వద్దు."

ఇంద్రజకు గుండె కోసినట్టయింది. అత్తకు పంపాల్సిన చీరల కోసం ఆమె బీరువా తెరిచింది. చీరల వెనక ఒక పచ్చడి సీసా ఉంది. మూత తీస్తే గుప్పున బూజు కంపు. లోపల నల్లటి ముద్ద, పక్కనే గుడ్డమూటలో ఏరేసిన బుడ్డలు. సీసా తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. అతను కొంచెం నాలుక్కి రాసుకుని, వెంటనే ఉమ్మేశాడు. మళ్లీ ఆమె మొహం చూడలేకపోయాడు.

ఇద్దరూ కలిసే నంద్యాల వెళ్లారు. డాక్టరు సీసా చూసి తల పట్టుకున్నాడు. "బూజు గింజల్లో విషముంటుంది, వేయించినా పోదు. ఇదొక్కటే కారణమని చెప్పలేను గానీ, ఏళ్లుగా తింటే కాలేయం మిగలదు. ఇప్పుడు మేం చెయ్యగలిగింది తక్కువ" అన్నాడు.

"ఏందిమ్మా ఇది?" అన్నాడు నరేంద్ర మంచం దగ్గర కూలబడి.

"పారేసేకి మనసొప్పల్యా నాయనా. ముందునుంచీ మంచియి మీకు, ఏరినయి నాకు. పండ్లు ఊడినాక నమల్లేకపోతాంటి. ఇంద్రజ చేసేది చూసి నేనూ మిక్సీలో ఏసుకుంటి." ఉన్నట్టుండి ఆమె కళ్లను భయం కమ్మింది. "పాపకు ఎప్పుడూ పెట్టల్యా. ఒట్టు."

నరేంద్ర ఏడ్చాడు. అమ్మ ఏరిచ్చిన మంచి గింజలు తిని ఇంతవాడయ్యాడు. నువ్వేం తింటాండావమ్మా అని ఒక్కసారీ అడగలేదు. "తప్పయింది, ఇంద్రజా" అని భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఆమె ఆ చెయ్యి విడిపించుకోలేదు.

రెండో చేత్తో సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. పాప కోసం చేసిన వెన్న. నర్సును అడిగి, వేలికి కాస్త తీసుకుని అత్త నాలుకకు రాసింది.

శివమ్మ చాలాసేపు చప్పరించింది.

"ఇది కమ్మగుందే" అంది వింతగా. "బుడ్డల వెన్నంటే చేదే అనుకుంటి. ఇంత చేదును పాప ఎట్ల తింటాందో అనుకుంటాంటి."

నరేంద్ర గోడవైపు తిరిగిపోయాడు. ఇంద్రజ కళ్లు తుడుచుకుని, మళ్లీ డబ్బాలో వేలు ముంచింది.