“మేము” అన్నాడేంటి?

హీరో ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వెనక ఊరంతా బూడిద. ముందు ఇనప తలుపు. ప్రపంచంలో మిగిలిన నీళ్ళూ తిండీ ఆ తలుపు అవతలే ఉన్నాయి. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

“భయపడకు. మేము బతుకుతాం” అన్నాడు హీరో.

“మేమా? మరి ఈ పిల్ల సంగతేంటి?”

ఆ కేక తెర మీంచి రాలేదు, హాల్లో ఒకమ్మాయి నోట్లోంచి వచ్చింది. హాలు ఘొల్లున నవ్వింది. అంతలోనే ఇంటర్వెల్ పడింది.

పక్కనే కూర్చున్న మన కుర్రాడికి మాత్రం ప్రాణం చివుక్కుమంది. చివుక్కుమనదూ మరి? ఆ డబ్బింగ్ సినిమాకి మాటలు రాసింది అతనే. మొదటి సినిమా. జనం ఎక్కడ చప్పట్లు కొడతారో విందామని చెవులు రిక్కించుకుని వస్తే దక్కింది ఇదీ! “మనం” అంటే ఎదుటి మనిషిని కూడా కలుపుకున్నట్టు, “మేము” అంటే ఆ మనిషిని బయట నిలబెట్టినట్టు. చంటిపిల్లలకి కూడా తెలిసిన తేడా. తొందరలో పొరపాటు పడ్డాడు, రికార్డింగ్‌లో ఎవరూ పట్టుకోలేదు. ఈవిడ పట్టుకుంది.

పాప్‌కార్న్ క్యూలో ఆమె సరిగ్గా అతని ముందే తేలింది. గుండ్రటి కళ్ళజోడు, మొహం నిండా హుషారు.

“ఏమండీ, పక్కవాళ్ళని సినిమా చూడనివ్వరా?” అన్నాడు కాస్త కారంగానే.

“అయ్యో, సారీ అండీ! నాకు నోరాగదు. మా కళ్ళజోళ్ళ షాపులో మా అన్నయ్య కూడా ఇదే తిడుతుంటాడు. కానీ మీరు గమనించారా? మేము అన్నాడు!”

“ఏదో పొరపాటు అయ్యుంటుంది లెండి.”

“పొరపాటా! అది క్లూ అండీ బాబూ. చూస్తూ ఉండండి, ఆ పిల్లని తలుపు బయట వదిలేసి తన గ్యాంగ్‌తో లోపలికి చెక్కేస్తాడు. పైకి ప్రేమ, లోపల మేము! ఎంత తెలివిగా పెట్టాడో. ఆ రాసినాయన కనబడితే కాళ్ళకి దండం పెట్టేస్తా.”

అతను గబుక్కున తన కాళ్ళకేసి చూసుకున్నాడు. పాత చెప్పులు.

“వదలడేమోనండీ” అన్నాడు నసుగుతూ.

“వదులుతాడు. పందెం! ఓడినవాళ్ళు టీ ఇప్పించాలి.”

తర్వాత తెర మీద లారీలు పేలాయి, వంతెనలు కూలాయి. అతను చూసింది తక్కువ. బాంబు పడ్డప్పుడల్లా ఆమె ఉలిక్కిపడడం, కళ్ళజోడు ముక్కు మీదికి జారడం, వేలితో పైకి తొయ్యడం. మొత్తం సినిమాలో అతనికి నచ్చిన సీను అదే. ఇలాంటి అమ్మాయి తనని మెచ్చుకుంది, కాసేపట్లో ఆ మెప్పు కాస్తా గాలికి పోతుంది. కథంతా కంఠతా వచ్చినవాడే, అయినా హీరో ఆ పిల్లని వదిలేస్తే బాగుణ్ణని మొక్కుకున్నాడు.

హీరో వదల్లేదు. భుజాన వేసుకుని మరీ లోపలికి తీసుకెళ్ళాడు.

“ఛ! అయితే అది క్లూ కాదన్నమాట” అందామె నీరసంగా. “ఉండండి, పేర్లు పడుతున్నాయి. ఎవరా మహానుభావుడో చూసే వెళ్దాం.”

నోరు మూసుకుంటే గొడవే లేదు. పేరు చదువుకుని తిట్టుకుంటుంది, ఆ పేరు ఎవరిదో ఆమెకేం తెలుసు? పైగా పందెం గెలిచిన టీ ఒకటి. కానీ ఆ టీ గొంతు దిగుతుందా?

“ఆ మాటలు రాసింది నేనేనండీ” అనేశాడు. “పందెం చెల్లదు. నాకు కథ ముందే తెలుసు.”

ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని అతన్ని కొత్తగా చూసింది.

“ఒక్కటి చెప్పండి. ఆ మేము తప్పా, కావాలనే రాశారా?”

కావాలనే అంటే చాలు, మహానుభావుడైపోతాడు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

“తప్పేనండీ. మీరు మెచ్చుకుంటుంటే సిగ్గేసింది. నచ్చింది కూడా. అంటే... మీరు నచ్చారు.”

“మెల్లిగా అండీ! అన్నీ ఒకేసారి ఒప్పేసుకుంటారా?” అంది, నవ్వు ఆపుకోలేక. “దొంగ పందెం కాశారు కాబట్టి టీ మీరే ఇప్పించాలి.”

బయట వాన దంచి కొడుతోంది. ఎదురుగా టీ కొట్టు రేకు కింద ఇద్దరూ ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె ఫోన్ మోగింది.

“ఎక్కడున్నావే? సినిమా ఇంకా అవలేదా?” అన్నయ్య గొంతు వాన చప్పుడుని మించిపోయి అతనికీ వినిపించింది.

“అయిపోయింది అన్నయ్యా. వాన తగ్గగానే మేము వచ్చేస్తాం.”

“మేమా? ఒక్కదానివే కదా వెళ్ళావు! ఎవరే?”

“వచ్చాక చెప్తాలే.”

“సరే, ఎవరైనా సరే, షాపు మూసేలోపు తీసుకురా. నేనూ చూడాలి.”

అతని చేతిలో గ్లాసు పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ మేములో అన్నయ్య బయట ఉన్నాడు. లోపల ఉన్నది తను.

“ఏమండీ” అన్నాడు నెమ్మదిగా, “ఇప్పుడు మీరన్న మేము... తప్పా, కావాలనేనా?”

ఆమె కళ్ళజోడు వేలితో పైకి తోసుకుంది.

“కావాలనే” అంది.