ఊదారంగు చుక్క

"ఈ కార్డు మీకు అమ్మను," అంది అల్ఫియా.

అక్రం నివ్వెరపోయాడు. పాత గ్రాఫిక్స్ కార్డు అమ్ముతానని ఫోన్‌లో ప్రకటన పెట్టింది ఆమే. స్కూలు వదలగానే నరసరావుపేట ఎండలో పడి వచ్చాడతను.

"ఎందుకమ్మరు?"

"మీ సిస్టంకి ఎన్నేళ్లు మేష్టారూ?"

"పదకొండు. నేను మేష్టారినని ఎవరు చెప్పారు?"

"మీ చొక్కా చేతికున్న సుద్ద. పవర్ సప్లై ఎన్ని వాట్లు?"

అక్రం ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాడు. ఈ లెక్క మాత్రం తెలియలేదు.

"అదీ తెలీకుండా కొంటానికొచ్చారా! ముసలెద్దుకి ట్రాక్టరు ట్రక్కు కట్టినట్టుండిద్ది. పెట్టిన గంటకే పొగలొస్తయ్."

"ధర పెంచటానికి ఇదో పద్ధతా?"

అల్ఫియా చేతిలోని స్క్రూడ్రైవర్ ఇంటి ముందుగదిలోని రిపేరు బల్లమీద పెట్టింది. "రేపు సీపీయూ పట్టుకురండి. విప్పి చూపిస్తా. ఈ కార్డు దానికి పనికొస్తే ఊరికే ఇస్తా, పోండి."

మర్నాడు అక్రం సీపీయూని దుప్పటిలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. అది అతని అన్నయ్యది. అన్న పెళ్లిళ్లలో వీడియోలు తీసేవాడు. ఎనిమిది నెలల క్రితం పోయాడు. చివరగా ఇంట్లో అమ్మను తీసిన వీడియో ఒకటి అందులో ఉంది. తెరిస్తే మూడో సెకనులోనే ఆగిపోతుంది. కెమెరా వెనక అన్న గొంతు 'అమ్మీ' అంటుంది, అంతే. "పూర్తిగా వచ్చిందా?" అని అమ్మ రోజూ అడుగుతుంది. గ్రాఫిక్స్ కార్డు వేస్తే వస్తుందని ఎవరో చెప్పారు.

అల్ఫియా సీపీయూని వెనక్కి తిప్పింది. ఆమె చెయ్యి ఆగిపోయింది. స్క్రూ మీద ఊదారంగు చుక్క.

"ఇది మీకెక్కడిది?"

"మా ఇంట్లోదే. ఏం?"

"ఈ రంగు నాది. నేను బాగుచేసిన ప్రతి సీపీయూకీ నా నెయిల్ పాలిష్ చుక్క పెడతా. ఇంకెవరన్నా విప్పితే పగిలిద్ది. ఇది పగల్లేదు. వీడియోల ఐజాజ్ భాయ్ సీపీయూ ఇది." ఆమె తలెత్తి అతని మొహంలోకి చూసింది. "మీరు ఆయన తమ్ముడా?"

"అవును. మీకెలా…"

"వచ్చారూ! ఇన్నాళ్లకి! 'దసరా సెలవులయిన మొదటి శుక్రవారం మా తమ్ముణ్ణి పెళ్లిచూపులకి తీసుకొస్తా, ఉన్నమాట మొహాన చెప్పే పిల్లవి, వాడికి నువ్వే సరి' అన్నాడు మీ అన్న. మా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుగూకేదాకా గడపలో కూర్చున్నాడు. రిపేర్ల పిల్ల వద్దనుకుంటే ఒక ఫోన్ చెయ్యొచ్చుగా! ఏంది, ఆయనకి మొహం చెల్లక మిమ్మల్ని పంపాడా?"

అక్రం బల్ల అంచు పట్టుకున్నాడు.

"అన్న ఆ ముందు బుధవారమే పోయాడండీ. ఎడ్లపాడు దగ్గర, బండి మీద వస్తుంటే." అతను సీపీయూ మీద చెయ్యి వేశాడు. "నాకేమీ చెప్పలేదు. చెప్పే టైము లేకపోయింది."

అల్ఫియా స్టూలు మీద కూలబడింది. ఎనిమిది నెలలుగా తిట్టుకున్న మనిషి లేడు. తిట్టుకున్న రెండోవాడికి ఏమీ తెలియదు.

లేచి స్క్రూ విప్పింది. దుమ్ము దులిపింది. మానిటర్ తగిలించింది.

"కార్డు అక్కర్లా. బొమ్మ నాణ్యత పావు వంతుకి తగ్గించా. మసగ్గా కనపడిద్ది. గొంతుకేం కాదు."

తెరమీద అక్రం తల్లి షాహిదా బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అమ్మీ, ఇటు చూడు. కొంచెం నవ్వు," అంది ఐజాజ్ గొంతు.

"ఇదేం పిచ్చిరా?"

"అత్తగారు నవ్వే రకమో కాదో ఆ రిపేర్ల పిల్ల చూసుకోవద్దా?"

"ఏ పిల్లరా?"

"శుక్రవారం చెప్తాగా!"

వీడియో అయిపోయింది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు చూడలేదు. 

"శుక్రవారం వస్తాను," అన్నాడు అక్రం.

"నాన్న చొక్కా ఇస్త్రీ చేయించాలో వద్దో ఇప్పుడే చెప్పండి. ఆయన్ని ఇంకోసారి ఊరికే కూర్చోబెట్టలేను."

"చేయించండి."

ఆమె కొత్తగా ఊదారంగు చుక్క పెట్టి సీపీయూ అప్పగించింది. 

శుక్రవారం అక్రం తల్లితో వచ్చేసరికి, అల్ఫియా నాన్న మౌలాలీ ఇస్త్రీ చొక్కాలో గడప దగ్గరే ఉన్నాడు. షాహిదా తిన్నగా అల్ఫియా దగ్గరికి వెళ్లి ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నవ్వే రకమో కాదో చూసుకోవాలంటగా అమ్మాయ్? చూసుకో."

అని నవ్వింది. ఈ ఎనిమిది నెలల్లో అమ్మ నవ్వటం అక్రం చూడటం అదే మొదలు.